పనల మీద వాన

మా పాలకొల్లు వైపు రైతును ఏ వాన ఎక్కువ బాధపెడుతుందని అడిగి చూడండి. నారుమడి మునిగితే నాలుగు తిట్లు తిట్టుకుని మళ్లీ విత్తనాలు నానబెడతాడు. సార్వా చేను పొట్ట మీద ఉండగా గాలివాన కొడితే తల పట్టుకుంటాడు. కోత అయిపోయి చేను పనల మీద, అంటే కోసిన వరి చేలోనే పరిచి ఉండగా, రేపో ఎల్లుండో కుప్ప వేద్దామనుకుంటుండగా కురిసే వాన గురించి మాత్రం ఏమీ మాట్లాడడు. గట్టు మీద చతికిలబడి చేలోకి చూస్తూ ఉంటాడు. ఎకరానికి ఎన్ని బస్తాలు పోయాయన్నది తరవాతి సంగతి. పంట ఇంటికి వచ్చేసినట్టే అని లోపల ఎప్పుడో రాసేసుకున్నాడు. ఇప్పుడు ఆ రాత కొట్టివేయాలి.

నేను వ్యవసాయం చేయను, రైసుమిల్లులో లెక్కలు రాస్తాను. కానీ ఆ చూపు నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా హాకీ చూస్తున్నాను.

మా బావమరిదికి రొయ్యల చెరువులున్నాయి. అర్ధరాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోయాయని చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తే మనిషి. ఒకసారి అడిగాడు: "బావగారూ, నా చెరువులో ఆక్సిజన్ తగ్గితే లక్షలు పోతాయి. ఆ పదకొండు మంది ఓడిపోతే మీకు పోయేదేమిటి?" వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. సంక్రాంతికి భీమవరం బరుల దగ్గర పందెం కాసినవాడికైనా తన నష్టం అంకెల్లో తెలుస్తుంది, అప్పు తీరితే మరిచిపోతాడు. హాకీ అభిమాని పైసా కాయడు, అయినా రెండు రోజులు అన్నం సయించదు. దీనికి సగం జవాబు ఆటలో ఉంది, సగం మనిషి మనసులో ఉంది. కొంత మా వీధిలో కూడా ఉందని నా అనుమానం. (సగం, సగం, ఆపైన కొంత. మిల్లు లెక్కల్లో ఇలా రాస్తే ఉద్యోగం ఊడుతుంది.)

ఏడు గోల్స్, ఒక గోలు

ముందు ఓటములన్నీ ఒక్కటి కావని ఒప్పుకోవాలి. భారత హాకీ అభిమానికి ఏడు అంకె పాత చుట్టం. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ మనల్ని 7-1తో ఓడించింది. 2021 జూలై 25న టోక్యో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా అదే 7-1తో ఓడించింది. మరుసటి ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో మళ్లీ ఆస్ట్రేలియాయే, 7-0. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ ఫైనల్లో అయితే ఏకంగా 8-0. వీటిలో 1982 ఓటమి దేశం నెత్తిన అవమానంగా మిగిలిపోయింది. ఎదుట ఉన్నది పాకిస్తాన్, జరిగింది మన గడ్డ మీద, చూసింది దేశమంతా. మిగిలినవి, నా అనుభవంలో, పెద్దగా గుచ్చుకోవు. నాలుగో గోలు పడేసరికి మనసు కండువా దులుపుకుని లేచిపోతుంది. మిగతా ఆట జరుగుతుండగా వంటింట్లోకి వెళ్లి మజ్జిగ తాగి రావచ్చు.

గుచ్చుకునేది 1-1. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పోలండ్ మీద గెలిస్తే భారత్‌కు సెమీఫైనల్. ఒక గోలు ఆధిక్యం చేతిలో ఉంది. ఆట ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేవు. పోలండ్ సమం చేసింది. స్కోరు పట్టికలో అది ఓటమి కూడా కాదు. ఆ జట్టులో మన హైదరాబాదీ ముకేశ్ కుమార్ ఉన్నాడు, అతనికది మూడో ఒలింపిక్స్. మన గ్రూపు నుంచి ముందుకు వెళ్లిన కొరియా చివరికి వెండి పతకం పట్టుకుపోయింది. ఆ ఒక్క మ్యాచ్ గట్టెక్కి ఉంటే మనమెక్కడ ఉండేవాళ్లమో అని ఇరవై అయిదేళ్లుగా లెక్కలు వేసుకుంటున్నవాళ్లు దేశంలో నాలాగే చాలామంది ఉంటారు.

దీని పక్కన 2008ని పెట్టి చూడండి. చిలీలోని శాంటియాగోలో బ్రిటన్ చేతిలో 2-0తో ఓడి, 1928 తరవాత మొదటిసారి ఒలింపిక్స్‌కే అర్హత పోగొట్టుకున్నాం. చరిత్ర దృష్టిలో ఇది సిడ్నీ కంటే ఎన్నో రెట్లు పెద్ద దెబ్బ. అయినా ఆ వార్త చదివి నేను మిల్లుకు వెళ్లాను, బస్తాల లెక్క రాశాను, ఒక్క కూడిక కూడా తప్పలేదు. సిడ్నీ మ్యాచ్ మర్నాడు సెలవు పెట్టాను. 2008లో మునిగింది నారుమడి. 2000లో తడిసింది పనలు.

ఈ తేడాను మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో పట్టుకుంది. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ ఇద్దరు ప్రయాణికుల ఉదాహరణ చెప్పేవారు. ఇద్దరూ విమానాశ్రయానికి ఆలస్యంగా చేరారు, ఇద్దరికీ విమానం తప్పింది. ఒకడికి అరగంట తేడాతో, మరొకడికి అయిదు నిమిషాల తేడాతో. ఎవరు ఎక్కువ బాధపడతారు? అడిగినవాళ్లలో దాదాపు అందరూ అయిదు నిమిషాలవాడే అన్నారు. మనకు విమానం దాకా ఎందుకు, నిడదవోలు ప్లాట్‌ఫాం మీద చివరి పెట్టె ఎర్రదీపం చూసినవాడిని అడగండి. నష్టం ఇద్దరికీ సమానమే. కానీ అయిదు నిమిషాలవాడి మనసు "ఆ టీ తాగకుండా ఉంటే", "ఆ గేటు పడకుండా ఉంటే" అంటూ రైలు అందిన ఇంకో రోజును అక్కడికక్కడే కట్టేస్తుంది. అది కట్టడం తేలిక కాబట్టే కూల్చుకోవడం కష్టం.

ముగిసినా ముగియని ఆట

హాకీ ఈ "ఇంకొక్క నిమిషం" తయారు చేయడానికే పుట్టిన ఆటలా ఉంటుంది. క్రికెట్‌లో ఆఖరి ఓవరుకు యాభై పరుగులు కావాలంటే టీవీ కట్టేసి పడుకోవచ్చు. హాకీలో పదిహేను నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. నాలుగో భాగం ఆఖరి క్షణంలో సర్కిల్ (గోలు ముందు గీసిన అర్ధవృత్తం లాంటి జాగా) లోపల బంతి వెళ్లి డిఫెండర్ కాలికి తగిలినా చాలు, పెనాల్టీ కార్నర్ ఇస్తారు. సమయం అయిపోయినా సరే, ఆ కార్నర్ తేలేదాకా ఆట ముగిసినట్టు కాదు.

ఆ కార్నర్ ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం, ఎందుకంటే హాకీ అభిమాని గుండె మీద సగం గీతలు అక్కడ పడ్డవే. కాచుకునే జట్టులో గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురే గోలు గీత వెనక నిలబడాలి. మిగిలిన ఆరుగురు మధ్య గీత అవతలికి పోవాలి. కొట్టే జట్టువాడు గోలు పక్కన, మైదానం చివరి గీత మీద నుంచి బంతిని తోస్తాడు. అది సర్కిల్ దాటి బయటికి వెళ్లాలి. అక్కడ ఒకడు ఆపుతాడు, ఇంకొకడు లోపలికి తెచ్చి గోలు మీదికి పంపుతాడు. స్టిక్‌తో బలంగా బాదితే ఆ మొదటి దెబ్బకు బంతి 460 మిల్లీమీటర్ల ఎత్తు దాటి గోల్లోకి పోకూడదు. కానీ స్టిక్‌కు ఆనించి ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు, గోలు పైమూల దాకా ఎక్కడికైనా పంపవచ్చు. మన జట్టు హర్మన్‌ప్రీత్ సింగ్ అంత విలువైన ఆటగాడు కావడానికి ఆ విసురే ప్రధాన కారణం. తోయడం నుంచి గోలు దాకా మొత్తం కళ్లు రెండుసార్లు ఆర్పేలోపు అయిపోతుంది.

అసలు చిత్రహింస దానికి ముందు. కార్నర్ ఇచ్చాక డిఫెండర్లు ముఖాలకు మాస్కులు తగిలించుకుంటారు, చేతి తొడుగులు సర్దుకుంటారు, ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుంటారు. ఏమీ జరగని ఆ కాసేపట్లోనే అభిమానికి అన్నీ జరిగిపోతాయి. బంతి కదలకముందే గోలు పడినట్టు ఒకసారి, ఆపినట్టు ఒకసారి చూసేసి ఉంటాడు. 2006లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంత వైద్యులు లెక్క తీస్తే, జర్మనీ ఆడిన రోజుల్లో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజుల కంటే 2.66 రెట్లు వచ్చాయట. ఈ సంగతి తెలిసీ తెలియక ఇంట్లో చెప్పాను. అప్పటి నుంచి మా ఆవిడ మ్యాచ్ మొదలవగానే నా బీపీ మాత్రల డబ్బా తెచ్చి టీవీ ముందు పెడుతుంది.

రెండు ఉదయాలు

ఆగస్టు వచ్చిందంటే మా ప్రాంతంలో అందరూ ధవళేశ్వరం నీటిమట్టం చూసుకుంటారు. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. గత రెండు ఒలింపిక్స్ కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే వచ్చాయి కాబట్టి నా గుండెకు కూడా అవే హెచ్చరికలు వాడుకుంటున్నాను.

2021 ఆగస్టు 5, ఉదయం 7 గంటలు. టోక్యోలో జర్మనీతో కాంస్య పతక పోరు. ఇంట్లో కరెంటు లేదు. వరండాలో ఫోనును ఇత్తడి చెంబుకు ఆనించి కూర్చున్నాను. జర్మనీ 3-1తో ముందుకు వెళ్లినప్పుడు నా లోపల గోదావరి ప్రశాంతంగా ఉంది, ఇక పోయిందనుకున్నాను కదా. తరవాత ఎనిమిది నిమిషాల వ్యవధిలో మనవాళ్లు నాలుగు గోల్స్ కొట్టారు. 3-3 దగ్గర మొదటి హెచ్చరిక. 5-3 దగ్గర రెండోది. ఇక్కడ గమనించండి, ఆధిక్యం పెరిగినకొద్దీ భయం పెరిగింది. వెనకబడి ఉన్నప్పుడు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ఇప్పుడు పంట పనల మీద ఉంది. జర్మనీ 5-4 చేసింది. ఆఖరి ఏడు సెకన్లయినా లేవనగా వాళ్లకు పెనాల్టీ కార్నర్.

మూడో హెచ్చరిక. అదే క్షణంలో ఫోను తెర మీద బొమ్మ ఆగిపోయి తెల్లటి చక్రం తిరగడం మొదలైంది. ఆ చక్రం ఎంతసేపు తిరిగిందో తెలియదు. చెంబులో నీళ్ల మీద చిన్న చీమ ఒకటి ఈదుతోంది, దాన్నే చూస్తూ ఉన్నాను. బొమ్మ కదిలేసరికి మన గోల్‌కీపర్ శ్రీజేశ్ అప్పటికే బంతిని ఆపేసి చేతులు పైకెత్తి ఉన్నాడు. నలభై ఒక్క ఏళ్ల తరవాత పతకం. నేను పెట్టిన కేకకు పెరట్లో ఉన్న మా అమ్మ చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఏమైందిరా, పాము వచ్చిందా?"

మర్నాడు ఉదయం అదే 7 గంటలకు మహిళల జట్టు బ్రిటన్‌తో కాంస్యానికే ఆడింది. క్వార్టర్ ఫైనల్లో గుర్జీత్ కౌర్ గోలుతో ఆస్ట్రేలియాను 1-0తో ఇంటికి పంపిన జట్టు అది. అదే వరండా, అదే చెంబు, ఉతకని అదే చొక్కా. నేను ఎక్కడ కూర్చుంటే టోక్యోలో బంతి ఎటు పోతుందన్నది ఏ శాస్త్రానికీ అందదు, అయినా కుర్చీ అంగుళం కూడా జరపలేదు. 0-2 నుంచి మనవాళ్లు 3-2కు వచ్చారు. చివరికి 3-4. నాలుగో స్థానం. ముందురోజు కథే, చివరి పేజీ మాత్రం తిరగబడింది. దేశమంతా వాళ్లను మెచ్చుకుంది, న్యాయమే. కానీ "ఓడినా మనసులు గెలిచారు" అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మైదానంలో కూర్చుని ఏడుస్తున్న ఆ అమ్మాయిలు మనసులు గెలవడానికి రాలేదు.

ఒలింపిక్ పతకాల మీద 1995లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. 1992 బార్సిలోనా క్రీడల వీడియోలు చూపించి విజేతల ముఖాల్లో సంతోషం ఎంతుందో అంచనా వేయిస్తే, వెండి అందుకున్నవాళ్ల కంటే కాంస్యం అందుకున్నవాళ్లే ఎక్కువ సంతోషంగా కనిపించారు. వెండివాడి చూపు పైనున్న బంగారం మీద, కాంస్యంవాడి చూపు కిందనున్న శూన్యం మీద. హాకీలో ఇది ఇంకా గట్టిగా పనిచేస్తుంది. వెండి రావాలంటే ఆఖరి మ్యాచ్ ఓడాలి. కాంస్యం రావాలంటే ఆఖరి మ్యాచ్ గెలవాలి. పారిస్‌లో చూశాం కదా: 2024 ఆగస్టు 6 రాత్రి సెమీఫైనల్లో జర్మనీ 3-2తో గుండె కోసింది. రెండు రోజులు తిరక్కుండానే స్పెయిన్‌పై 2-1 గెలుపు, హర్మన్‌ప్రీత్‌వే రెండు గోల్స్, శ్రీజేశ్‌కు అదే చివరి మ్యాచ్. పుండు మానకముందే పండగ వచ్చింది.

అదే పారిస్‌లో క్వార్టర్ ఫైనల్‌ను మాత్రం నేను జీవితంలో అత్యంత హాయిగా చూసిన మ్యాచ్ అంటే ఎవరూ నమ్మరు. పదిహేడో నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు. నలభై నిమిషాలకు పైగా పది మందితో ఆడాలి. ఆ క్షణమే నాలో ఆశ ఖాళీ అయింది, ఆశతోపాటు భయమూ పోయింది. ఆ తరవాత ప్రతి నిమిషం లాభమే. 1-1, గోల్‌కీపర్‌తో ఒక్కొక్కరే తలపడే షూటౌట్‌లో 4-2. మాత్రల డబ్బా మూత తీయలేదు.

ఎదుట ఎవరూ లేని "మనం"

తెలుగులో "మేము" వేరు, "మనం" వేరు. మేము అంటే వినేవాడు బయటివాడు. మనం అంటే వాడూ లోపలే. 1976లో రాబర్ట్ చాల్డీనీ అనే పరిశోధకుడి బృందం అమెరికాలోని ఏడు విశ్వవిద్యాలయాల్లో ఒక చిన్న సంగతి గమనించింది. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వారం తరవాతి సోమవారం విశ్వవిద్యాలయం పేరున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థులు పెరుగుతారు. ఆట గురించి చెప్పమంటే గెలుపును "మేము" అని, ఓటమిని "వాళ్లు" అని చెప్పే ధోరణి కూడా కనిపించింది. ఇది అందరికీ ఉన్న బుద్ధే. మా టీ కొట్టు దగ్గర క్రికెట్ గెలిచిన రోజు "మనం కొట్టేశాం", ఓడిన రోజు "వీళ్లకు ఆడటం రాదు". ఈ గోడ దూకుడు ఒక రక్షణ. వాన వచ్చే సూచన కనపడగానే చేను పొరుగువాడి పేరున రాసేయడం లాంటిది. ముదిరిన అభిమానికి ఆ సదుపాయం లేదు. ఓడినా "మనమే" ఓడాం.

హాకీకి మా దగ్గర ఇంకో చిక్కు ఉంది. మనం అనాలంటే ఎదుట ఒకరు ఉండాలి. క్రికెట్‌లో సిక్సు పడితే నా ఫోనులో బంతి వేయకముందే వీధి చెప్పేస్తుంది, ఫోనులో ప్రసారం ఆలస్యం కదా. హాకీలో వీధి ఏమీ చెప్పదు. 2021 ఆగస్టు 5న పతకం వచ్చాక ఆగలేక టీ కొట్టుకు వెళ్లి "గెలిచామండీ" అన్నాను. కొట్టు ఆయన పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ, "ఇంకా నాలుగు రోజుల ఆట ఉంది కదండీ, అప్పుడే ఎలా గెలిచాం?" అన్నాడు. ముందురోజు నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్‌తో క్రికెట్ టెస్టు మొదలైంది. సాయంత్రానికి టీవీల పుణ్యమా అని ఆయనే నాకు శ్రీజేశ్ గురించి పావుగంట చెప్పాడు. ఆనందం పొద్దున ఒంటరిది, సాయంత్రానికి ఊరిది అయింది. బాధకు మాత్రం ఆ సాయంత్రం రాదు.

ఎందుకిలా అంటే కారణాలు తెలిసినవే. 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్ హాకీ కృత్రిమ పచ్చిక మీదికి వెళ్లింది, ఆ ఏడాదే మనం ఏడో స్థానానికి జారాం. ఆ పచ్చిక పరచడానికి కోట్లు కావాలి. ఆగస్టు 29న ధ్యాన్‌చంద్ జయంతికి పటానికి బంతిపూల దండ వేసే బడులు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి, వాటిలో హాకీ స్టిక్ ఉన్నది నేను చూడలేదు. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు కాకినాడలో జరిగినప్పుడు రెండు రోజులు వెళ్లి కూర్చున్నాను. టీవీ చెప్పని సంగతి ఒకటి అక్కడ తెలిసింది. బంతి గోలు వెనక పలకకు తగిలితే వచ్చే శబ్దం తలుపు గడియ పడ్డట్టు ఉంటుంది. ఒక కార్నర్ అంగుళం తేడాతో బయటికి పోగానే, నాకు రెండు వరసల ముందు ఎవరో పెద్దాయన నాతో ఒకేసారి "అయ్యో" అన్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన ఊరు పేరు కూడా అడగలేదు.

మా నాన్నకు ఆ తోడు బాగా ఉండేది. 1975 మార్చిలో కౌలాలంపూర్ ప్రపంచకప్పు ఆయన ఏటిగట్టు మీద పది మందితో కలిసి ట్రాన్సిస్టర్‌లో విన్నాడు. హిందీ రాదు. వ్యాఖ్యాత జస్‌దేవ్ సింగ్ గొంతు ఎంత ఎత్తుకు ఎక్కిందో దాన్నిబట్టి బంతి ఎక్కడుందో చెప్పుకునేవారట. సెమీఫైనల్లో మలేసియా మీద ఓటమి అంచున అస్లం షేర్ ఖాన్ సమం చేసిన గోలు, ఫైనల్లో పాకిస్తాన్ మీద ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ కొట్టిన గోలు, ఇవన్నీ కళ్లారా చూసినట్టే నాకు చెప్పాడు. నేను అప్పటికి పుట్టలేదు. ఎనిమిదో ఒలింపిక్ స్వర్ణం మాస్కోలో 1980లో వచ్చింది, నాకు మూడేళ్లు. ఆస్తి అనుభవించింది మా నాన్న, బాకీలు నా వాటాకు వచ్చాయి.

2023 జనవరి 22 రాత్రి మావాడికి పద్నాలుగేళ్లు. భువనేశ్వర్‌లో ప్రపంచకప్పు, న్యూజిలాండ్‌తో మ్యాచ్, గెలిస్తే క్వార్టర్ ఫైనల్. 3-1తో ముందున్నాం. వాడు అప్పటికే బెల్జియంతో ఎలా ఆడాలో నాకు చెప్పడం మొదలుపెట్టాడు. వద్దురా అందామనుకున్నాను, అనలేదు. 3-3 అయింది. షూటౌట్ ఒక్క తప్పుతో తేలిపోయే సడన్ డెత్ దాకా పోయి 5-4తో న్యూజిలాండ్ గెలిచింది. వాడు కంచం ముందు నుంచి లేచి వెళ్లి పడుకున్నాడు. పనసపొట్టు కూర అంటే ప్రాణం పెట్టేవాడు, ముట్టలేదు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

పొద్దున బడికి వెళ్తూ సైకిల్ స్టాండు తీసి, ఎక్కకుండా నిలబడ్డాడు.

"నాన్నా, ఆ పోలండ్ మ్యాచ్‌లో ఇంకా ఎంతసేపు ఉండగా గోలు పడింది?"

చెప్పాను.